చూడటం వచ్చాకే కొనడం

ఉల్కలు సేకరించాలని ఉందంటూ వచ్చేవాళ్లు మొదట అడిగేది ఎక్కడ దొరుకుతాయని, ఆ తర్వాత ఎంతవుతుందని. వాటికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ అభిరుచిలో డబ్బు పెట్టడం తేలిక, చూపు పెట్టడం కష్టం. పెట్టె నిండా ముక్కలున్నా ఒక్కదాని గురించి కూడా రెండు నిమిషాలు మాట్లాడలేనివాళ్లను చూశాను. ఒకే ఒక్క ముక్క ఉండి, దాని ప్రతి గుంటా ప్రతి అంచూ కంఠతా వచ్చినవాళ్లనూ చూశాను. మీరు రెండో రకం కావాలని నా కోరిక. అందుకు చిన్న ఇనుప ఉల్కను మించిన గురువు నాకు తెలియదు.

ఇనుపదే ఎందుకు? మనుషుల కళ్లముందు పడిన ఉల్కల్లో నూటికి తొంభైకి పైగా రాతివే. ఇనుపవి ఐదారు మాత్రమే. రాతి ఉల్క అసలు అందం తెలియాలంటే దాన్ని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఇనుప ఉల్కకు ఆ అవసరం లేదు. గాలిలో అది పడిన పాట్లన్నీ దాని ఒంటి మీదే ఉంటాయి. కిటికీ వెలుతురు, నగల షాపుల్లో వాడే పది రెట్ల భూతద్దం, కాస్త ఓపిక చాలు. సూర్యకుటుంబం ఏర్పడిన తొలినాళ్లలో, అంటే దాదాపు 450 కోట్ల ఏళ్ల కిందట, కొన్ని గ్రహశకలాలు లోలోపల కరిగిపోయాయి. బరువైన ఇనుము, నికెల్ అడుగుకు దిగి నడిమధ్యన పోగయ్యాయి. తర్వాత అవి ఒకదాన్నొకటి ఢీకొని పగిలినప్పుడు బయటపడిన లోహమే చాలా ఇనుప ఉల్కల మూలం. అంత వయసున్న వస్తువును ఉంగరాల పెట్టెలో దాచుకోవచ్చంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పే పేరు ఒక్కటే: సిఖోటే-అలీన్. 1947 ఫిబ్రవరి 12 ఉదయం రష్యా తూర్పు కొసన, ప్రిమోర్యే ప్రాంతంలో, ఆ పేరున్న కొండల మీదుగా పెద్ద అగ్నిగోళం దూసుకొచ్చింది. అది వదిలిన పొగచార గంటల తరబడి ఆకాశంలో నిలిచిపోయింది. ఇమాన్ అనే ఊళ్లో మెద్వెదేవ్ అనే చిత్రకారుడు సరిగ్గా అదే సమయానికి బొమ్మ వేయడానికి కూర్చుని ఉన్నాడు. కళ్లముందు జరిగిందే గీశాడు. సోవియట్ ప్రభుత్వం 1957లో ఆ చిత్రాన్ని తపాలా బిళ్ల మీద అచ్చువేసింది. మంచు కప్పిన అడవిలో వందకు పైగా గుంటలు పడ్డాయి. వాటిలో పెద్దది 26 మీటర్ల వెడల్పు. మొత్తం మీద ఇరవై టన్నులకు పైగా లోహం సేకరించారు. అందులో అతి పెద్ద ముక్క 1745 కిలోలు. అక్కడికి వెళ్లిన శాస్త్రవేత్తల్లో క్రీనవ్ ఆ ముక్కల ఉపరితలాలను ఎంత శ్రద్ధగా పరిశీలించాడంటే, ఈరోజు మనం వాడే చూపులో సగం ఆయన నేర్పిందే.

ఈ ఉల్కనే ఎంచుకోమనడానికి ఇంకో కారణం ఉంది. ఒకే పతనంలో రెండు స్వభావాల ముక్కలు దొరుకుతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టుకుంటే సగం పాఠం అయిపోయినట్టే.

ఒకటి, పైనే విడిపోయి ఒంటరిగా ప్రయాణించిన ముక్క. సెకనుకు పద్నాలుగు కిలోమీటర్ల వేగంతో గాలిలోకి వచ్చిన పెద్ద ముద్ద కొన్ని విడతలుగా విడిపోయింది. విడిపోయిన చిన్న ముక్కల వేగాన్ని గాలే తగ్గించింది. అవి చివరికి మామూలు రాయి పడ్డట్టే పడ్డాయి కాబట్టి, గాలి చెక్కిన రూపం చెదరకుండా మిగిలింది. రెండోది పెంకు ముక్క. పెద్ద పెద్ద ముద్దలు వేగం తగ్గకుండానే నేలను గుద్ది చీలికలు పేలికలైనప్పుడు ఎగిరిపడింది. దీని అంచులు మెలితిరిగి, చిరిగి, కోసుకుపోయేంత పదునుగా ఉంటాయి. వంపుల దగ్గర లోహం సాగిన చారలు కనిపిస్తాయి. మొదటిదాన్ని మలిచింది గాలి, రెండోదాన్ని మలిచింది నేల. మొదటి రకానికి ధర ఎక్కువ. అందరూ దాన్నే అందమైనదంటారు. నా మటుకు నాకు పెంకు ముక్కలంటే ఇష్టం. ఇనుము ఎంత పెళుసుగా విరగగలదో, అంతలోనే ఎంత మెత్తగా వంగగలదో అదే ముక్కలో కనిపిస్తుంది. ఈ ఉల్కలో భాస్వరం ఉంది. అది ఇనుము, నికెల్‌తో కలిసి ష్రైబర్సైట్ అనే పెళుసు ఖనిజంగా స్ఫటికాల మధ్య సందుల్లో పేరుకుంటుంది. చీలిక తరచూ ఆ సందుల వెంటే నడుస్తుంది. ఒకవైపు నునుపుగా విరిగి మరోవైపు మెలిపడిన పెంకు ముక్క చేతికొస్తే, అది ఎక్కడ విరిగిందో, ఎక్కడ లొంగిందో విడివిడిగా చూడండి.

ఇక గాలి చెక్కిన ముక్క సంగతి. నా దగ్గరున్న ఒకదాన్ని దగ్గరగా చూపిస్తాను. రెండున్నర సెంటీమీటర్ల పొడవు, 31 గ్రాముల బరువు. మొదటిసారి చేతిలో పెట్టినవాళ్లు ఎవరైనా ముందు బరువుకే ఆశ్చర్యపోతారు. పైభాగాన తడి బంకమట్టిలో బొటనవేలితో నొక్కినట్టు మూడు లోతు తక్కువ గుంటలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. వీటిని రెగ్మాగ్లిప్ట్‌లు అంటారు. సేకర్తలు ముద్దుగా వేలిముద్రలంటారు. ఎదురుగాలి సుడులు తిరుగుతూ మెత్తబడిన లోహాన్ని తోడేసిన చోట్లివి. ముక్క పెద్దదైతే గుంటలూ పెద్దవవుతాయి. మొత్తం వెడల్పులో పదో వంతుకు అటూఇటూగా ఒక్కో గుంట ఉండటం మామూలు. ఏదైనా ఒక గుంట మిగతావాటికి పొసగకుండా, లోతుగా, గుండ్రంగా దిగిపోయి ఉంటే అక్కడ ట్రాయిలైట్ అనే ఇనుప గంధకం ముద్ద ఉండి ఉండవచ్చు. చుట్టూ ఉన్న లోహం కంటే అది త్వరగా కరిగి ఎగిరిపోతుంది. ట్రాయిలైట్ పోయిన దారి రెండోవైపు దాకా వెళితే ముక్కకు రంధ్రమే పడుతుంది. అలాంటివి చాలా అరుదు.

గుంటల మధ్య గట్ల మీదికి భూతద్దం జరపండి. దీపాన్ని పైనుంచి కాకుండా పక్కనుంచి, బల్లకు దాదాపు ఆనించి పెట్టండి. అప్పుడు వెంట్రుక కంటే సన్నని గీతలు పైకి లేస్తాయి. కరిగిన లోహం గాలి తోసినవైపు పారుతూ, చివరి క్షణంలో గడ్డకట్టిన జాడలవి. నా ముక్కలో గీతలన్నీ గట్టు మీద నుంచి ఒకే పక్కకు వాలి ఉన్నాయి. వాటిని వేలితో కాకుండా చూపుతో వెంబడిస్తూ అంచుదాకా వెళితే, అక్కడ గోటికి తగిలే సన్నని పెదవి ఒకటి వెనక్కి మడిచి ఉంది. ముందునుంచి పారి వచ్చిన లోహం అంచు దాటాక గాలి ధాటి తగ్గి, పోగుపడిన చోటది. వెనక భాగం గరుకుగా, చిన్న చిన్న చుక్కలు అతుక్కుని ఉంది. ఏవైపు ముందుండి దూసుకొచ్చిందో, ఏవైపు నీడలో దాగిందో ఈ మూడు ఆనవాళ్లను కలిపి చెప్పేయవచ్చు. గాలిలో పల్టీలు కొట్టకుండా ఒకే ముఖం ముందుకు పెట్టి వచ్చిన ముక్కల్నే సేకర్తలు నెత్తిన పెట్టుకుంటారు. ముందు భాగం గుబ్బలా నునుపుతేలి, దాని కొసనుంచి గీతలు కిరణాల్లా చుట్టూ పరుచుకుని ఉంటాయి. చాలా ముక్కలు పల్టీలు కొట్టే వస్తాయి. వాటికి అన్ని వైపులా గుంటలుంటాయి. అవేమీ తక్కువవి కావు. వాటిలో ఒక గీత మీద ఇంకో గీత ఎక్కిన చోట్లు వెతకడం మరింత ఆసక్తిగా ఉంటుంది.

ఉపరితలమంతా కప్పి ఉన్న నీలి ఛాయ నలుపును కరిగి గడ్డకట్టిన పొర అంటాం. అది మిల్లీమీటరులో కొంత వంతే. గాలిలో మండినంతసేపూ కరిగిన లోహం ఎప్పటికప్పుడు కొట్టుకుపోతూ వేడిని తనతో తీసుకుపోతుంది. ఆ వేడి లోపలికి కొన్ని మిల్లీమీటర్ల లోతుకే పాకుతుంది. అంతరిక్షపు చలి లోపల అలాగే ఉండిపోతుంది. కాబట్టి మీ అరచేతిలోని ముక్కకు రెండు వయసులున్నాయి. లోపలిది కోట్ల ఏళ్లది. పై రూపం కొన్ని సెకన్లలో తయారైంది. ఈ అధ్యాయం ఆ కొన్ని సెకన్ల గురించి.

లోపలి వయసు చూడాలని చాలామందికి తొందర. కోసి, నునుపు చేసి, ఆమ్లంలో ముంచితే అడ్డదిడ్డంగా అల్లుకున్న పట్టీల నమూనా బయటపడుతుంది. వియన్నాలో విడ్మన్‌స్టాటెన్ 1808లో చూసినందున ఆయన పేరు నిలిచింది. నేపుల్స్‌లో థామ్సన్ అంతకు నాలుగేళ్ల ముందే చూశాడు. లోహం లక్షల ఏళ్లపాటు అతి నెమ్మదిగా చల్లారితేనే ఆ పట్టీలు పెరుగుతాయి. నమీబియాకు చెందిన గిబియాన్, స్వీడన్‌కు చెందిన ముయోనియోనలుస్టా ముక్కల్లో అవి సన్నగా, కళ్లు తిప్పుకోనివ్వకుండా ఉంటాయి. సిఖోటే-అలీన్‌లో మాత్రం ఒక్కో పట్టీ దాదాపు సెంటీమీటరు వెడల్పు. చిన్న ముక్కను కోస్తే నమూనా కనపడకపోగా, గాలి చెక్కిన ఉపరితలం శాశ్వతంగా పోతుంది. పట్టీలు చూడాలనుంటే ఆ పని తెలిసినవారు కోసి సిద్ధం చేసిన పలక ఒకటి విడిగా కొనుక్కోండి. నైట్రిక్ ఆమ్లంతో ఇంట్లో ప్రయోగాలు వద్దు.

మొదటి ముక్క వచ్చాక నెల రోజులపాటు రెండోది కొనవద్దు. ఇది నా ఖచ్చితమైన సలహా. రోజూ పావుగంట, ఫోను వేరే గదిలో పెట్టి, ఆ ఒక్క ముక్కతో కూర్చోండి. కొన్ని రోజులు ఉదయపు కిటికీ వెలుతురులో, కొన్ని రోజులు రాత్రి పక్కదీపంతో చూడండి. పెన్సిలుతో బొమ్మ వేయండి. బొమ్మ బాగా రావాలన్న నియమం లేదు. గీస్తున్నప్పుడే ఈ గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అన్న ప్రశ్న పుడుతుంది. ఫొటో తీస్తే ఆ ప్రశ్న పుట్టదు. ముక్కను ఆరు వైపులా తిప్పి ఆరు బొమ్మలు వేయండి. ప్రతి బొమ్మ మీదా గీతలు వాలిన దిశను బాణం గుర్తుతో పెట్టండి. అన్ని బాణాలనూ కలిపి చూస్తే ముక్క ఎలా ఎగిరిందో ఒక ఊహ వస్తుంది. ఆ ఊహను రాసి పెట్టుకోండి. వారం తర్వాత ఊహ మారితే అదీ రాయండి, పాతది కొట్టేయకండి. మొదటి నాలుగైదు రోజులు చూసిందే చూస్తున్నామనిపించి విసుగొస్తుంది. అక్కడ ఆపకుండా కూర్చున్నవాళ్లకే అసలు వివరాలు కనిపించడం మొదలవుతుంది. చూసేది ఏమీ మిగలలేదనిపించిన రోజున ముక్కను తలకిందులు చేసి, దీపాన్ని అవతలి పక్కకు మార్చి మళ్లీ మొదలుపెట్టండి.

కొనేటప్పుడు మోసపోకుండా ఉండటం కూడా చూపు మీదే ఆధారపడింది. కొలిమి చిట్టాన్నీ, పోతపోసిన ఇనుప ముక్కల్నీ ఉల్కలని అమ్మేవాళ్లు ఉన్నారు. అయస్కాంతం అంటుకుంటే ఉల్కేనని చాలామంది నమ్మకం. ఇనుప మేకు కూడా అంటుకుంటుంది కదా! బుడగల గుంటలు, అచ్చు అతుకు గీత, అన్నివైపులా ఒకేలా ఉన్న గుంటలు కనిపిస్తే వెనక్కి తగ్గండి. పల్టీలు కొట్టిన ముక్కలో కూడా గాలి చేసిన ప్రతి గీతా ఏదో ఒక దిశకు మొగ్గుతుంది. కృత్రిమంగా చేసిన గుంటల్లో ఆ మొగ్గు కనపడదు.

సాంద్రత చూసే పద్ధతి ఇంట్లోనే సాగుతుంది. చిన్న డిజిటల్ త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. ముక్కను దారానికి కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. త్రాసు చూపే గ్రాములే ఆ ముక్క ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. బరువును దానితో భాగిస్తే 7.8కి అటూఇటూ రావాలి. నా 31 గ్రాముల ముక్కకు త్రాసు దాదాపు 4 చూపించింది. అదే బరువున్న రాయి, చిట్టం అయితే త్రాసు అంకె దీనికి రెట్టింపు దాకానో, అంతకు మించో పోతుంది. ఈ పరీక్షలో మామూలు ఉక్కు కూడా నెగ్గుతుంది కాబట్టి, చివరి తీర్పు నికెల్‌ది. సిఖోటే-అలీన్‌లో నికెల్ ఆరు శాతానికి కాస్త తక్కువ. ఈజిప్టులో దొరికే గెబెల్ కమిల్‌లో ఇరవై శాతం దాకా ఉంటుంది. డైమిథైల్‌గ్లయాక్సిమ్ పూసిన దూదిపుల్లతో, అమ్మోనియా తడితో రుద్దితే నికెల్ ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది. ఏ పరీక్ష చేసినా అయిన వెంటనే ముక్కను ఆల్కహాలుతో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి.

గెబెల్ కమిల్ పేరెత్తాను కాబట్టి ఒక ముక్క దాని గురించి కూడా. 45 మీటర్ల ఆ బిలాన్ని 2008లో గూగుల్ ఎర్త్ చిత్రాల్లో గుర్తించారు. అక్కడివి దాదాపు అన్నీ పెంకు ముక్కలే. ఇసుకలో పూడిన వైపు ఒక రంగు, ఎండకూ గాలికీ తెరుచుకున్న వైపు బల్లిచర్మంలాంటి గరుకు. గాలిలో మండటం, నేలను గుద్దడం తర్వాత, నేల మీద పడి ఉండటం కూడా ఉపరితలాన్ని మలుస్తుందని అది నేర్పుతుంది. అర్జెంటీనాలోని కాంపో దెల్ సియెలో ముక్కలు వేల ఏళ్లుగా మట్టిలో ఉన్నవి. వాటి మీది గుంతలన్నీ గాలి చేసినవని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. చాలావరకు తుప్పు తిన్న చోట్లే.

తుప్పు మాటకు వస్తే, మన వాతావరణంలో ఈ అభిరుచికి అసలు శత్రువు అదే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉన్నవాళ్లు అనంతపురం వాళ్లకంటే రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. మట్టిలో ఉన్నప్పుడు సందుల్లోకి చేరిన క్లోరైడు, గాలిలో తేమ కలిస్తే ఇనుమును లోపలినుంచి తింటూ వస్తాయి. నారింజ రంగు చెమట చుక్కలు ఉపరితలం మీద కనిపిస్తే అదే మొదటి హెచ్చరిక. మన చేతి చెమటలో ఉప్పుంటుంది కాబట్టి ఉత్త చేతులతో పట్టుకోకండి, పట్టుకుంటే తుడవకుండా పెట్టెలో పెట్టకండి. చుక్కలు వచ్చిన ముక్కను మెత్తని బ్రష్‌తో, నీళ్లు కలవని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కడిగి, గోరువెచ్చని పొడి వేడిలో పూర్తిగా ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె పల్చగా పూసి, గుడ్డతో ఒత్తి తీసేయండి. గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో ఉంచండి. పొట్లాలను అప్పుడప్పుడూ మార్చాలి. వానాకాలంలో మరీ తరచుగా. వైర్ బ్రష్, నిమ్మరసం, తుప్పు వదిలించే ద్రావణాలు దగ్గరికి రానివ్వకండి. తుప్పుతోపాటు నీలి నలుపు పొరనూ, ఆ సన్నని గీతలనూ అవి తినేస్తాయి. ఆ రెండూ పోయాక మీ దగ్గర మిగిలేది ఇనుము మాత్రమే.

ముక్క ఎక్కడిదో చెప్పే చీటీ ముక్కంత విలువైనది. పేరు, పడిన లేదా దొరికిన చోటు, బరువు, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నది, ఇవన్నీ అందులో ఉండాలి. ఈ విషయంలో మనకు గొప్ప ఉదాహరణ జహంగీర్ చక్రవర్తి. 1621 ఏప్రిల్‌లో జలంధర్ దగ్గర పెద్ద చప్పుడుతో ఇనుము పడితే, నేల తవ్వించి తీసిన ముద్దను ఆయన దగ్గరికి పంపారు. తన ఎదుటే తూకం వేయిస్తే 160 తులాలు తూగింది. సుత్తి దెబ్బకు నిలవకపోతే మూడు పాళ్లకు ఒక పాలు మామూలు ఇనుము కలిపి కత్తులు చేయించిన సంగతి కూడా తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ లోహంతో చేసిన కత్తి ఒకటి ఈరోజు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. చోటు, కాలం, తూకం, ఆ తర్వాతి కథ అన్నీ రాసి ఉన్నందుకే నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా దాని పుట్టుక మనకు తెలుసు.

చీటీ లేని ముక్క కొనకపోవడానికి చట్టం కూడా కారణం. అర్జెంటీనా 2007 నుంచి ఉల్కల్ని సాంస్కృతిక సంపదగా కాపాడుతోంది. నమీబియా నుంచి గిబియాన్ ముక్కల్ని బయటికి తేవడం నిషేధం. ఆరిజోనా ఉల్కాబిలం ప్రైవేటు భూమి, అక్కడ ఏరుకోనివ్వరు. మార్కెట్లో ఉన్నవి నిషేధానికి ముందు బయటికొచ్చిన పాత సేకరణల్లోవై ఉండవచ్చు. ఆ మాట కాగితం మీద చూపించగల అమ్మకందారు దగ్గరే కొనండి.

మన నేల మీద దొరికినవాటి సంగతి వేరు. ఇవి సేకర్తలవి కావు. భారతదేశంలో పడిన, దొరికిన ఉల్కలకు సంరక్షక సంస్థ భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ. అందుకు అభ్యంతరం చెప్పవలసింది కూడా ఏమీ లేదు. తెలుగు నేలకు ఇనుప ఉల్క కొత్త కాదు. 1870 జనవరి 23న, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ విశాఖపట్నం జిల్లాలో, పార్వతీపురం వైపు ఒకటి పడింది. నెడగొల్ల పేరుతో నమోదైన ఆ ముద్ద నాలుగు కిలోలు దాటింది. తెలిసిన ఇనుప ఉల్కల వర్గాల్లో వేటిలోనూ అది ఒదగలేదు. అలాంటిది మళ్లీ పడితే, ఎవరి బీరువాలోనో మూలపడితే, ఆ వివరం ఎవరికీ తెలియకుండా పోతుంది.

పొలంలోనో ఏటి ఒడ్డునో వింత బరువున్న నల్లని రాయి కనిపిస్తే, కదపకముందే పక్కన రూపాయి బిళ్ల పెట్టి నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకోండి. సుత్తితో కొట్టకండి, కడగకండి, బలమైన అయస్కాంతం తగిలించకండి. దానిలో నిలిచిన ప్రాచీన అయస్కాంత జాడలు చెరిగిపోతాయి. శుభ్రమైన పొడి కవరులో పెట్టి, పడటం చూసినవాళ్లు ఉంటే వాళ్లు ఏ వేళకు ఏ దిక్కున చూశారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆ వివరాలన్నిటితో హైదరాబాద్ బండ్లగూడలోని సర్వేక్షణ కార్యాలయానికి తెలియజేయండి.